మూడో పుంగనూరులో నీలి వలయాలు

నమోదు 41

నీలం సీసాలు వచ్చేశాయి. రెండేళ్లుగా బాషా సార్ ప్రతి ఓడకీ అడుగుతూనే ఉన్నారు. ఈసారి ఎవరో దయగలవాళ్లు ఓ మూల చోటు చూసి పంపారు. బొటనవేలంత సీసాలు రెండు. వెలుగుకి ఎత్తి వంచితే లోపలి నీలం గాజుకి అంటుకుని మెల్లగా జారుతుంది. నేను అలా నాలుగైదుసార్లు వంచేసరికి, అది ఆడుకునే వస్తువు కాదని సార్ గుర్తుచేశారు.

ఈ నమోదులు కుదురుగా, క్లుప్తంగా రాయమన్నారు. కుదురుగా రాస్తాను. క్లుప్తంగా రాయడం మాత్రం ఇవాళ నా వల్ల కాదు.

సార్ మూడో పుంగనూరు మొత్తానికి ఒక్కరే పశువుల డాక్టరు. భూమి నుంచి వచ్చినవారు. నేను, మునికుమారి, ఇక్కడే పుట్టాను. మా తాతా నాయనా సొరంగాలు తవ్వినవాళ్లు. బడి గడప దాటి లోపలికి వెళ్లినదాన్ని మా ఇంట్లో నేనే మొదలు. ల్యాబ్‌లో గొట్టాలు కడిగే పనితో చేరాను. ఇప్పుడు గొట్టాల్లో ఏం పోయాలో కూడా నాకే అప్పగిస్తున్నారు.

ఆ సీసాలో ఉన్నది బ్రుసెల్లా అనే సూక్ష్మజీవులు. చంపి, నీలం రంగు పట్టించి పంపారు. బతికున్నవి ఆవు ఒంట్లో చేరితే నెలలు నిండకుండానే దూడ పడిపోతుంది. ఆ పాలు పచ్చిగా తాగిన మనిషికి జ్వరం వస్తూ పోతూ నెలల తరబడి పీల్చేస్తుంది, కీళ్లు పట్టేస్తాయి. ఆవు ఒళ్లు మాత్రం ఊరుకోదు. ఆ జీవుల్ని పట్టి కట్టేయడానికి యాంటీబాడీలను తయారు చేసుకుంటుంది. అవి పాలల్లోకి కూడా దిగుతాయి. అలాంటి పాలలో ఈ నీలం ఒక చుక్క వేస్తే, యాంటీబాడీలు నీలం జీవుల్ని గుత్తులుగా కట్టి మీగడకు తగిలిస్తాయి. మీగడ తేలుతూ వాటిని పైకి లాక్కుపోతుంది. గొట్టం పైన నీలి వలయం ఏర్పడి, కింద పాలు తెల్లబడతాయి. యాంటీబాడీలు లేని పాలు నీలంగానే ఉండిపోతాయి, పైన మీగడ తెల్లగా నిలుస్తుంది.

ఎంత అందమైన ఉపాయం! మనం కంటితో చూడలేనిదాన్ని మీగడ మోసుకొచ్చి చూపిస్తుంది.

సీసాతో వచ్చిన కాగితంలో గంట ఆగి చూడమని ఉంది. సరిచూసుకోవడానికి వాళ్లే పంపిన, యాంటీబాడీలున్న పాలపొడి నీళ్లలో కలిపి, నీలం వేసి, గంట ఆగి చూశాం. ఏమీ లేదు. సీసాలు దారిలో పాడయ్యాయేమోనని సార్ కుర్చీలో కూలబడ్డారు. నేను గొట్టాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తుంటే, నీలం కదలకపోవడం అటుంచి, అసలు మీగడే పైకి రాలేదని తెలిసింది. కాగితం రాసినవాళ్లు భూమి మీద కూర్చుని రాశారు. ఇక్కడ బరువు అందులో మూడో వంతుకి కాస్త ఎక్కువ. బరువు తక్కువైతే పాలు దిగడమూ నెమ్మదే, మీగడ తేలడమూ నెమ్మదే. మూడు గంటలు ఆగాం. నీలి వలయం వచ్చి కూర్చుంది.

సార్ ఆ కాగితం మీద గంట అన్నది కొట్టేసి మూడు గంటలని రాశారు. పక్కన నా పేరు కూడా రాశారు.

నమోదు 42

పాలు పితికే వేళకి గొట్టాలు పట్టుకుని కొట్టం తలుపు దగ్గర నిలబడ్డాను. మా కొట్టం కొండలోపలికి తవ్విన పొడవాటి గది. కప్పు తక్కువ ఎత్తు. అందుకే నడుమెత్తు కూడా లేని పుంగనూరు ఆవుల్ని ఎంచి, గడ్డకట్టించిన పిండాలుగా ఇక్కడికి తెచ్చి యంత్రాల్లో పెంచారు. ఇంటికొక ఆవు, ఇంటికొక పాలక్యాను. పేడంతా కూరగాయల గదులకు పోతుంది. ఆ పేడ లేకపోతే ఇక్కడి ఎర్రమట్టిలో గడ్డిపోచ కూడా లేవదు.

ఆడవాళ్లు నన్ను చూసి నవ్వులు. సూదులమ్మ ఇవాళ పాలకి కూడా సూది పొడుస్తుందేమోనని ఒకరు, పాలకి జ్వరమొచ్చిందేమోనని ఇంకొకరు. అందరి క్యాన్లలోనూ తలా కాస్త తీసుకున్నాను. అన్నిటికంటే చిక్కటి పాలు సుగుణక్క క్యానులో ఉన్నాయి. ఆమెది ఓడావు. పిండంగా కాకుండా ప్రాణంతో భూమి నుంచి దిగిన ఆవు అదొక్కటే. ఏడాది కిందటి ఓడలో వచ్చింది. చీటీలు వేస్తే సుగుణక్కకి దక్కింది. మొన్నే ఈనింది. దూడ బాగుంది, మాయ శుభ్రంగా పడింది.

గొట్టాలన్నీ వరసగా పెట్టి నీలం వేసి, మూడు గంటలు అటూ ఇటూ తిరుగుతూ గడిపాను.

వచ్చి చూస్తే వలయాలు. ఒకటి కాదు, రెండు కాదు. ప్రతి గొట్టం మీదా నీలి ఉంగరం తొడిగినట్టు ఉంది. ఒక్క క్షణం నాకు సంతోషమే కలిగింది. అంత చక్కగా, అంత స్పష్టంగా వచ్చినందుకు. సార్‌ని పిలిచి చూపించాను. ఆయన ముఖం చూశాక గాని నేను ఏం చూపించానో నాకు తెలియలేదు.

అన్నిటికంటే ముదురు వలయం ఓడావుది. భూమి నుంచి అదే జబ్బును మోసుకొచ్చి, ఏడాదిలో కొట్టమంతా అంటించిందని సార్ అనుమానం. రెండు నెలల కిందట ఒకావిడ ఆవు ఏడో నెలలోనే దూడను పోగొట్టుకుంది. బూజు మేత తిని ఉంటుందని అప్పుడు అనుకున్నాం.

నమోదు 43

ఇవాళ సభ పెట్టారు. పెద్దమేస్త్రి కోదండం నడిమి సొరంగంలో అందరినీ కూర్చోబెట్టాడు. ఇక్కడ తవ్వకం మొదలైననాటి నుంచి మేస్త్రి మాటే చట్టం. ఆయన అరవడు. అరిచే అవసరం ఎప్పుడూ రాలేదు.

గాలి ఒకటే, నీళ్లు ఒకటే. ఒకరికి వచ్చిన జ్వరం గోడ దాటకుండా ఆపే దారి లేదు. పశువుల నుంచి మనుషులకు అంటుకునే జబ్బు తేలితే కొట్టం గాలి తీసేయాలన్నది మొదటి తవ్వకం నాటి నిబంధన. తలుపు బిగించి, వాల్వు తిప్పితే లోపలి గాలి బయటి ఎర్ర ఎడారిలోకి పోతుంది. ముందుగా మత్తిచ్చి పడుకోబెడతానని సార్ నేలచూపులు చూస్తూ చెప్పారు.

ఒక ముసలాయన లేచి, ఆవులు లేకుండా ఎన్నాళ్లు బతుకుతామని అడిగాడు.

‘‘కష్టంగా బతుకుతాం మామా,’’ అన్నాడు మేస్త్రి. ‘‘మొదటి తవ్వకంలో జ్వరం వచ్చినప్పుడు నేను ఏడుగురిని మోసినా. మా తమ్ముడిని గూడా. ఆవుల్ని ఓడలో మళ్లా తెప్పించుకోవచ్చు.’’

నాలుగు రోజులు గడువు పెట్టాడు. ఈలోగా పాలు ఎవరూ తాగకూడదు, పితికి పారబోయాలి. సభ లేచాక సుగుణక్కకి ఎవరూ దారి ఇవ్వలేదు. నీ ఓడావు మా కొంప ముంచిందని ఒకామె ముఖం మీదే అనేసింది. సుగుణక్క మా ఇళ్ల వరసలోనే ఉంటుంది. చిన్నప్పుడు నాకు తల దువ్వింది.

ఆ వలయాలు నేను చూపించినవి. నిజమైతే చూపించాల్సిందే. నిజమేనా అన్నదే నన్ను నిలవనివ్వడం లేదు. ఏడాదిలో అన్ని ఆవులకూ ఎలా అంటుతుంది? ఒక్కటైనా తప్పించుకోదా? సార్‌ని అడిగితే, తనకూ అది నచ్చడం లేదని, రేపు మళ్లీ పాలు తెమ్మని చెప్పారు.

నమోదు 44

దొరికింది. అక్షరాలు వంకరపోతే పోనీ.

పొద్దున మా ఇంటి నుంచే మొదలుపెడదామని కొట్టంలో అమ్మ దగ్గర కూర్చున్నాను. మా ఆవు పేరు బూడిద. అమ్మ పాలు పితికింది. పితికి, గోడ గూట్లోంచి మూతపెట్టిన చిన్న చెంబు తీసి, అందులోంచి ఒక గరిటెడు మా క్యానులో పోసింది. అప్పుడు కలిపింది. ఆ కలిపే చేతిని నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఇవాళే మొదటిసారి చూశాను.

అదేమిటని అడిగితే అమ్మ నన్ను వింతగా చూసింది.

‘‘ఓడావు జున్నుపాలు. ఏ ఆవు ఈనినా ఏడు పూటలు అందరి పాలల్లో కలపాల గదా. నీకు తెల్దా ఏందే?’’

‘‘పారబోసే పాలల్లో కూడానా?’’

‘‘పారబోసేవైతే మాత్రం? ఒంటరిగా పారబోస్తామా?’’

నాకు తెలుసు. ఇక్కడ పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆవులు ఎదిగిన మొదటి ఏడాది ఒకే ఒక్క ఆవు ఈని పాలిస్తే, ఆ పాలే గరిటెలతో పంచుకుని పిల్లల్ని బతికించుకున్నారట. ఆనాటి నుంచి ఏ ఆవు ఈనినా దూడ తాగాక మిగిలిన జున్నుపాలు ఇంటింటికీ చెంబుతో వెళ్తాయి. చల్లగూట్లో దాచుకుని, పూటకో గరిటె క్యానులో కలుపుకుంటారు. ఊపిరి పీల్చుకోవడం గురించి ఎవరూ ఎవరికీ చెప్పనట్టే, ఇది కూడా బాషా సార్‌కి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పరిగెత్తాను. ఈ బరువులో పరిగెత్తితే తల కప్పుకి తగులుతుంది. రెండుసార్లు తగిలింది. సార్ అంతా విని నిలబడిపోయారు. ఈనే ముందు ఆవు తన రక్తంలోని యాంటీబాడీలను పొదుగులోకి లాగి జున్నుపాలలో కూడబెడుతుందని ఆయనే నాకు పాఠం చెప్పారు. రక్తంలో పలచగా ఉన్నవి కూడా అక్కడ చిక్కబడతాయి. అలాంటి పాలు ఒక గరిటె చాలు, క్యాను మొత్తానికి వలయం తొడగడానికి.

వెంటనే బూడిద పొదుగు నుంచి నేరుగా గొట్టంలోకి పితికాను. ఒక గొట్టం అలాగే ఉంచాం, ఇంకో గొట్టంలో అమ్మ చెంబులోంచి రెండు చుక్కలు కలిపాం. మూడు గంటలయ్యాక మొదటిదానిలో మీగడ తెల్లగా, పాలు నీలంగా ఉన్నాయి. రెండోదానిలో వలయం.

సార్ నా తల మీద చెయ్యి వేసి, కప్పుకి తగిలి బొప్పి కట్టిన చోటే నొక్కారు.

నమోదు 45

సార్ తొందరపడనివ్వలేదు. ఒక్క ఆవు పాలతో కొట్టాన్ని కాపాడలేం. జబ్బున్న ఆవు కూడా ఒక్కోసారి పాలలో దొరకదు. ప్రతి ఆవు రక్తం చూడాలి. మన దగ్గర రక్తపరీక్ష మందు లేదు కాని, నీలం సీసాలో ఉన్నవి అవే జీవులు. వాటినే పలచన చేసి సీరంలో కలపొచ్చు. యాంటీబాడీలు లేకపోతే జీవులు విడివిడిగా జారి గొట్టం అడుగున చిన్న చుక్కలా చేరతాయి. ఉంటే వలలా అల్లుకుని అడుగంతా పరుపులా పరుచుకుంటాయి.

చిక్కంతా మళ్లీ బరువుతోనే వచ్చింది. భూమి మీద అవి దిగడానికి ఒక రోజు పడుతుంది. ఇక్కడ రెండున్నర రోజులు పైనే. గడువు ఎల్లుండి సాయంత్రానికి ముగుస్తుంది. మా చేతియంత్రంలో పెట్టి గిరగిరా తిప్పితే బలానికి అన్నీ ఒక్క ముద్దగా అణిగిపోతాయి. చుక్కకీ పరుపుకీ తేడా తెలియదు. మాకు కావలసింది భూమి బరువు. అంతకంటే ఎక్కువ వద్దు, తక్కువ వద్దు.

అన్నం తింటూ నాయన మీద విసుక్కుంటున్నాను, ఆయన పనిబట్టల నిండా దుమ్మని. ఆయన మట్టి జల్లెడ పట్టే చక్రం దగ్గర పని చేస్తాడు. కుమ్మరి చక్రంలా పడుకుని తిరిగే పెద్ద ఇనుప చక్రం అది. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాను. తిరిగేదాని అంచున కూర్చుంటే బరువు పెరుగుతుంది. పలక తీసుకుని లెక్క వేశాను. నడిమి ఇరుసు నుంచి అంచుకి రెండు మీటర్ల దూరం. నిమిషానికి ఇరవై చుట్లు తిప్పితే చాలు. అంచున వేలాడదీసిన గొట్టాలు ఉయ్యాలలా బయటికి వాలి, భూమి మీద ఉన్నామనే అనుకుంటాయి.

‘‘ఇరవయ్యా?’’ అన్నాడు నాయన. ‘‘అంత నెమ్మదిగా తిరిగితే అది నిద్రపోతాదే.’’

అయినా చెయ్యి కడుక్కుని నా వెంట వచ్చాడు. మేస్త్రి మమ్మల్ని నిలబెట్టి అంతా విన్నాడు. జున్నుపాల సంగతి విన్నప్పుడు కళ్లు మూసుకున్నాడు. ఆయన ఇంటి క్యానులోనూ గరిటె పడుతుంది కదా.

‘‘చక్రం ఇస్తా,’’ అన్నాడు చివరికి. ‘‘తవ్వకం ఆపిస్తా. గడువు మాత్రం ఇయ్యను.’’

నమోదు 46

ఇవాళ నా జీవితంలో ఇప్పటివరకూ అన్నిటికంటే పెద్ద రోజు.

పొద్దుటి నుంచే రక్తం తీయడం. మెడ పక్కన గాడిలో బొటనవేలితో నొక్కితే నరం ఉబ్బుతుంది, అక్కడ సూది. మొదటి ఆవుకి సార్ తీశారు, రెండోది నాకిచ్చారు. ఆడవాళ్లు ఒక్కొక్కరూ తమ ఆవు తల పొట్టకి అదుముకుని, చెవిలో ఏదో చెబుతూ నిలబడ్డారు. నిన్నటిదాకా సూదులమ్మా అని నవ్వినావిడే, ఇంకోసారి కావాలంటే తీసుకో, మాది మంచిది, కదలదు అంది. సుగుణక్క ఆవుని అందరికంటే చివర తెమ్మన్నారు. ఆమె ఒక్కతే పట్టుకుంది. సాయం వెళ్లబోతే వద్దంది.

రక్తం గడ్డకట్టి కుంచించుకుపోయాక పైన తేరుకునే లేత పసుపు నీరే సీరం. దాన్ని పిపెట్‌తో తీసి ప్రతి ఆవుకీ ఒక గొట్టం. ఓడావుకి మాత్రం ఒక వరస మొత్తం పెట్టించారు సార్, ఒక్కో గొట్టానికీ సీరాన్ని సగానికి సగం పలచన చేస్తూ. ఎంత పలచనైనా పరుచుకుంటూనే ఉంటే యాంటీబాడీలు అంత ఎక్కువన్నమాట. మిగిలిన సీరాన్ని గడ్డకట్టించి దాచాం.

నాయన చక్రం అదరకుండా దాన్ని ఊపే దిమ్మె విప్పేసి, జల్లెడ తీసి, అంచుకి కొక్కేలు వేశాడు. గొట్టాల బుట్టలకు వేడినీళ్ల సంచులు కట్టాం. ఆవు ఒంటి వెచ్చదనం కావాలి వాటికి. చక్రం కదిలింది. బుట్టలు మెల్లగా బయటికి వాలాయి. అందరూ చుట్టూ చేరి చూస్తున్నారు. మూడో పుంగనూరులో భూమి బరువు ఉన్న చోటు ఇప్పుడు అదొక్కటే అని చెబితే, ఒక పిల్ల తననూ బుట్టలో కూర్చోబెట్టమంది.

సంచులు చల్లారకుండా మార్చడానికి వంతులు వేసుకున్నారు. ఎవరూ ఇంటికి పోలేదు. నాయన వేలితో లయ కొడుతూ చుట్లు లెక్కపెడుతూనే ఉన్నాడు.

నమోదు 47

సాయంత్రానికి చక్రం ఆపాం. మేస్త్రి వాల్వు తాళంచెవితో వచ్చి నిలబడ్డాడు.

బుట్టలు దించి దీపం ముందు పెట్టాం. ఎవరి గొట్టం మీద వాళ్ల ఇంటి గుర్తు ఉంది. నేను ఒక్కొక్కటే ఎత్తి చూపిస్తూ పోయాను. బూడిదది చుక్క. దాని పక్కది చుక్క. దూడను పోగొట్టుకున్న ఆవుది చుక్క. సగం అయ్యేసరికి జనం నాకంటే ముందే చుక్క, చుక్క అని అనడం మొదలుపెట్టారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఓడావు వరస మిగిలింది. మొదటిది పరుపు. రెండు, మూడు, నాలుగు కూడా పరుపే. అయిదోది చుక్క.

మేస్త్రి కొట్టం తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. ఇంకొకటి బయటికి తీశాడు. కొట్టం చివర, కొత్త ఆవుల్ని ఉంచే చిన్న గది ఉంది. దానికి విడిగా వాల్వు ఉంది.

సార్ ఆయనకి అడ్డంగా నిలబడ్డారు. భూమి మీద ఆడదూడలకు చిన్నప్పుడే బ్రుసెల్లా టీకా వేస్తారు. అందులోనూ బలహీనపరిచిన అవే జీవులు ఉంటాయి. అవి పోయాక కూడా ఒళ్లు వాటిని మరిచిపోదు. కొన్ని ఆవుల్లో ఆ యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉంటాయి. ఇది జబ్బా, టీకా గుర్తా అన్నది ఒక్కసారి చూస్తే తేలదు. మూడు వారాల తర్వాత మళ్లీ చూడాలి. జబ్బైతే పరుపులు పెరుగుతాయి, లేదా అలాగే ఉంటాయి. గుర్తైతే తగ్గుతాయి. ఒక గొట్టం తేడా లెక్కకు రాదు, అది మన చేతి తేడా కావచ్చు. రెండు గొట్టాలు తగ్గాలి.

‘‘తగ్గకపోతే?’’ అన్నాడు మేస్త్రి.

‘‘నేనే వాల్వు తిప్పుతాను,’’ అన్నారు సార్.

ఆవునీ దూడనీ ఆ చిన్నగదిలో పెట్టి బిగించాలని తేల్చారు. పాలు ఎవరు పితుకుతారు, మేత ఎవరు వేస్తారన్న మాట వచ్చింది. లోపలికి వెళ్లినవాళ్లు మూడు వారాలూ బయటికి రాకూడదు. సుగుణక్క అప్పటికే పలుపు పట్టుకుని లోపలికి నడుస్తోంది.

నమోదు 49

కిటికీ అద్దం ఇవతల నేను, అవతల సుగుణక్క. రోజూ పని అయ్యాక వెళ్తున్నాను. మాటలు వినిపించేందుకు ఒక గొట్టం ఉంది. ఆవు కంటే దూడే ఎక్కువ అల్లరి చేస్తోందని, మొన్న తన జడ నమిలేసిందని చెప్పింది. గోడలో బిగించిన చేతి తొడుగుల పెట్టె గుండా దూడ రక్తం పంపించింది. చూస్తే దానిలోనూ పరుపు. అక్క ముఖం పాలిపోయింది. నాకు మాత్రం గంతులు వేయాలనిపించింది. ఎందుకో చెప్పాను. దూడ ఏ యాంటీబాడీలూ లేకుండా పుడుతుంది. తల్లి రక్తం నుంచి దానికి రావు. పుట్టిన కొద్ది గంటల్లో తాగిన జున్నుపాల నుంచే పేగు గుండా రక్తంలోకి చేరతాయి. ఆ తర్వాత ఆ దారి మూసుకుపోతుంది. దూడ ఒంట్లో ఉన్నది తల్లి అరువిచ్చిన కాపలా. కాబట్టి దాన్ని చూసి భయపడనక్కర్లేదు.

అక్క దూడ వైపు చూసింది. అయితే మనకి కూడా అట్లనే వచ్చిందా అని అడిగింది. మనుషులకు చాలావరకు కడుపులోనే అందుతుందని చెప్పాను. అయితే దీనికంటే మనం సోమరులమే అని నవ్వింది. గదిలోకి వెళ్లాక ఆమె నవ్వడం అదే మొదలు.

తనకీ గొట్టాలు చూడటం నేర్పమంది. పాత గొట్టాలు అద్దానికి ఆనించి పట్టుకుంటున్నాను. ఏది చుక్క, ఏది పరుపు, అంచులు మడతపడిన చాపలా ఉంటే ఏమిటి, చుక్క చుట్టూ పొగలా ఉంటే ఏమిటి. ఇప్పుడు నాకంటే కచ్చితంగా చెబుతోంది. నా కళ్లు ఆశపడుతున్నాయని, అందుకే తప్పు చూస్తున్నానని తిట్టింది కూడా.

నమోదు 52

మూడు వారాలు నిండాయి. నిన్న అక్క లోపల ఆవుకి తనే రక్తం తీసింది. అద్దం ఇవతల నుంచి నేను నా మెడ మీద వేలు పెట్టి చోటు చూపించాను. గడ్డకట్టించి దాచిన పాత సీరం కరిగించి, కొత్తదానితో పాటు ఒకే బుట్టలో, ఒకే నీలంతో, ఒకే చక్రం మీద పెట్టాం. రెంటికీ ఒకే చెయ్యి పడాలని అన్నీ నేనే పోశాను. సార్ పక్కన నిలబడి నా చెయ్యినే చూస్తూ ఉన్నారు. నీలం సీసాలో అడుగంటింది. మూడోసారికి లేదు.

ఇవాళ చక్రం ఆగగానే బుట్టను కదలనివ్వకుండా కిటికీ దగ్గరికి మోసుకెళ్లాను. నాయన ముందు నడిచి దారి చేశాడు. అప్పటికే ఊరంతా అక్కడ ఉంది. మేస్త్రి తాళంచెవితో వాల్వు పక్కన నిలబడ్డాడు, సార్ ఆయన పక్కన.

పై వరస పాత రక్తం, కింది వరస కొత్తది. బుట్టను అద్దానికి ఆనించాను. చదవబోతే సుగుణక్క చెయ్యెత్తి నన్ను ఆపింది. అద్దానికి నుదురు ఆనించి తనే మొదలుపెట్టింది. ఆమె గొంతు మాటల గొట్టంలోంచి సన్నగా వస్తోంది.

‘‘పైది. పరుపు, పరుపు, పరుపు, పరుపు. చుక్క.’’

ఆనాడు చూసినట్టే ఉంది. నీలం పాడవలేదని అర్థం.

‘‘కిందిది. పరుపు.’’ ఆగింది. ‘‘పరుపు.’’

మూడో గొట్టం దగ్గర ఆమె చూపు నిలిచిపోయింది. నాలుగోది చుక్కేనని నాకూ కనిపిస్తోంది. మూడోది పరుపైతే తగ్గింది ఒక్కటే, లెక్కకు రాదు. చుక్కైతే రెండు. నేను నిలబడ్డ చోటి నుంచి దీపం మెరుపు అడ్డం వస్తోంది. కాస్త పక్కకి వంగితే చూడగలను. వంగలేదు. నా కళ్లు ఆశపడతాయని ఆమే చెప్పింది కదా.

‘‘మేస్త్రీ,’’ అంది సుగుణక్క. ‘‘నాకు ఒకటి కనపడతా ఉంది. నేను చెప్తే నా ఆవు కోసం చెప్పినా అంటారు. నువ్వు రా. మూడోది నువ్వు చెప్పు.’’

జనం పక్కకి జరిగారు. కోదండం మేస్త్రి వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పైవరస గొట్టాలు ఒక్కొక్కటీ చూసి, పరుపు ఎలా ఉంటుందో చుక్క ఎలా ఉంటుందో నన్ను వేలితో చూపించమన్నాడు. చూపించాను. తర్వాత కింది వరసలో మూడో గొట్టానికి ముఖం దగ్గరగా పెట్టాడు. ఆయన ఊపిరికి గాజు మసకబారింది. చొక్కా అంచుతో మెల్లగా తుడిచి మళ్లీ చూశాడు. నాలుగోదాన్ని చూసి, మళ్లీ మూడోదాని దగ్గరికి వచ్చాడు.

‘‘చుక్కే,’’ అన్నాడు.

అని, వాల్వు వైపు చూడనైనా చూడకుండా లేచి, తలుపు బిగించిన ఇనుపకడ్డీని తనే రెండు చేతులతో లాగడం మొదలుపెట్టాడు.